పిలుపు ఆగితే ఆగాలి

మా అమ్మ పిలవడం మానేసింది. గొంతు పోయిందని ఊళ్లోవాళ్లు అంటారు, ఓపిక లేదని అమ్మ అంటుంది. రెండూ నిజం కాదని నాకు తెలుసు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల కొట్టేసినట్టుంటుంది.

మా ఊళ్లో పిలవడమంటే పేరు పెట్టి పిలవడం కాదు. డొంకరాయికి ఎగువన సీలేరు నీళ్లు కొండల సందుల్లోకి ఎక్కి నిలబడిపోయిన చోట మా ఊరు. ఇళ్లు ఇటు, చేలు సగం అటు, సంతకి వెళ్లే దారి కూడా అటే. మధ్యలో నీళ్లు. ఊరంతటికీ ఒకటే నాటు పడవ. మనకి కావలసినప్పుడల్లా అది అవతలి ఒడ్డునే ఉంటుంది, అదేం పాపమో. అప్పుడు ఎవరో ఒకరు ఈదుకుంటూ వెళ్లి దాన్ని తేవాలి. పొద్దున్నపూట నీళ్ల మీద మంచు ఎంత దట్టంగా ఉంటుందంటే, దిగి నాలుగు బారలు వేశాక ఇటు ఒడ్డూ కనపడదు, అటు ఒడ్డూ కనపడదు. అందుకని ఒడ్డు పైనున్న రాతిమీద ఒకరు నిలబడి పిలుస్తారు. అందులో మాటలుండవు. "ఓ... వో..." అని ఒకటే సాగదీత, ఊపిరి తీసుకోవడానికి తప్ప ఆపకుండా. ఈదేవాళ్లు ఆ గొంతుని వీపు వెనకే ఉంచుకుని సాగిపోవాలి. గొంతు ఒక చెవి వైపు జరిగిందంటే దారి తప్పుతున్నట్టు.

ఇంకో సంగతి కూడా ఉంది. పిలుపు ఆగిపోతే ఈదేవాళ్లు ఉన్నచోటే ఆగిపోవాలి. ఎగువ నుంచి దుంగ కొట్టుకొస్తోందనో, నీళ్లలో ఏదో కదిలిందనో రాతిమీద ఉన్నవాళ్లకి ముందు తెలుస్తుంది. అరిచి చెబితే నీళ్లలో ఉన్నవాళ్లకి మాట అర్థం కాదు. అందుకని నోరు మూసుకుంటారు. అప్పుడు తల పైకెత్తి, నిలువు ఈత వేస్తూ చుట్టూ చూసుకోవాలి. మళ్లీ పిలుపు మొదలయ్యేదాకా ముందుకి ఒక్క బార కూడా వెయ్యకూడదు. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. మాకు చిన్నప్పుడే ఒంటికి పట్టేస్తుంది.

ఊరు మొత్తం మీద మా అమ్మ పిలుపు పెద్దది. అమ్మకి ఈత రాదు, మోకాళ్ల లోతు దాటి నీళ్లలోకి దిగదు. కానీ తను పిలిస్తే అవతలి ఒడ్డున గడ్డి మేసే ఆవులు కూడా తలెత్తి చూసేవని మా చిన్నాన్న వేళాకోళం చేసేవాడు. ఎవరింటి వాళ్లు నీళ్లలోకి దిగినా అమ్మనే లేపేవారు. పడవ తేవడానికి ఎక్కువగా వెళ్లేది నేను. ఎందుకంటే నేను అలిసిపోను. నాలో ఉన్న విశేషమల్లా అదొక్కటే. నేను తొందరగా ఈదేదాన్ని కాదు, ఆగకుండా ఈదేదాన్ని.

ఆశ్రమ పాఠశాలలో డ్రిల్లు మాస్టారు ఒకసారి మమ్మల్ని వాగు దగ్గరికి తీసుకెళ్లి నా ఈత చూశారు. ఆయనే పట్టుబట్టి విశాఖపట్నంలో కాలేజీలో చేర్పించారు. అక్కడ మొదటిసారి ఈతకొలను చూశాను. నీళ్లకింద నేల కనిపిస్తుంటే నాకు నీళ్లున్నట్టే అనిపించలేదు. ఈత బట్టలు చేతికిస్తే బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని ఏడ్చాను. ఆఖరికి వాటి మీద చుడీదారు వేసుకుని బయటికి వచ్చాను. కోచ్ సార్ నన్ను పైనుంచి కిందదాకా చూసి, "చున్నీ మర్చిపోయావమ్మా," అన్నారు. మిగతా అమ్మాయిలు నవ్వు ఆపుకోలేకపోయారు.

అదే రోజు ఇంకా పెద్ద అవమానం జరిగింది. సార్ ఈల వేసి ఈదమన్నారు. ఈదాను. గోడ వచ్చింది, ఎక్కేశాను. ఒడ్డున నిలబడి నీళ్లు పిండుకుంటున్నాను. ఎందుకెక్కావని సార్ అడిగితే అవతలి ఒడ్డు వచ్చేసింది కద సార్ అన్నాను. గోడ దగ్గర తిరిగి మళ్లీ వచ్చిన చోటికే రావాలని, అలా ముప్పై పొడుగులు వేస్తే పదిహేను వందల మీటర్లవుతాయని ఆయన చెప్పారు. ఎక్కడికీ వెళ్లకుండా అంత దూరం ఈదడమేమిటో నాకు బోధపడలేదు. కొలనులో చాలా రోజులదాకా నన్ను "అవతలి ఒడ్డు" అనే పిలిచేవారు.

అప్పటినుంచి నాకు ప్రతిదీ సిగ్గే. హాస్టల్లో అందరూ ఒకసారి అన్నం పెట్టించుకుంటే నేను మూడుసార్లు పెట్టించుకోవాలి. అంత ఈదితే ఆకలెయ్యదా మరి? వడ్డించే ఆవిడ చూపు పడలేక కంచం పట్టుకుని వేరే వరసలో నిలబడేదాన్ని. నోరు తెరిస్తే సిగ్గు. "ఏటి" అనబోయి "ఏంటి" అనడం, "బేగి" అనబోయి "తొందరగా" అనడం అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాను. మా గదిలో నాతోపాటు ఉండే అమ్మాయి పట్నం పిల్ల, మంచిది. నేను అద్దంతో మాట్లాడుతుంటే దుప్పటి కప్పేసుకుని నిద్రపోయినట్టు నటించేది.

ఈతలో మాత్రం పేరొచ్చింది. యాభై మీటర్లలో నన్ను ఓడించని పిల్ల లేదు. ఎనిమిది వందలు, పదిహేను వందలు అనేసరికి సగం దాటాక నా పక్కన ఎవరూ ఉండేవారు కాదు. అందరికీ చేతులు బరువెక్కే వేళకి నాకు అప్పుడే ఒళ్లు కుదురుకునేది. అంతసేపు ఏం ఆలోచిస్తావని సార్ అడిగితే ఏమీ లేదు సార్ అనేదాన్ని. అబద్ధం. నా తలలో అమ్మ పిలుస్తూ ఉండేది. గొంతుని వీపు వెనక పెట్టుకుని ఈదేదాన్ని, గోడ దగ్గర తిరిగాక దానికి ఎదురెళ్లేదాన్ని. ఆ సాగదీతకే నా చేతులు ఆడేవి. సార్ గడియారం పట్టుకుని ఆశ్చర్యపోయేవారు, ప్రతి పొడుగూ ఒకేలా ఎలా వేస్తున్నావని. చెప్పడానికి నాకు మొహం చెల్లేది కాదు.

పతకాలొచ్చాయి. పేపర్లో ఫోటో వచ్చింది. కాలేజీలో శాలువా కప్పి కూర్చోబెట్టారు. మైకు పట్టుకున్న లెక్చరర్ గారు నేను మొసళ్ల మధ్య నదిని ఈది బడికి వెళ్లిన గిరిజన బిడ్డనని చెప్పారు. నేను బడికి జీపు వెనక వేలాడుతూ వెళ్లాను. హాస్టల్లో ఉండి చదువుకున్నదాన్ని రోజూ నదిని ఎందుకు ఈదుతాను? అయినా చప్పట్లు కొడుతుంటే ఎవరు కాదంటారు? ఇంకో సభలో నన్నే చెప్పమన్నారు. చెప్పాను, మొసలిని కూడా కొంచెం దగ్గరికి జరిపాను. సెలవులకి ఊరెళితే చిన్నాన్న ఆ పేపరు ముక్క దాచి ఉంచాడు.

"ఏ మొసలే అది? నాకెప్పుడూ అవుపళ్లేదే," అన్నాడు.

ఆఖరి సంవత్సరం పోటీలు మా కొలనులోనే జరిగాయి. వేరే యూనివర్సిటీల నుంచి కూడా వచ్చారు. అందులో మొదట వస్తే పై పోటీలకి వెళ్లొచ్చు, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం కూడా దొరకొచ్చని సార్ ఆశ. మీ అమ్మని తీసుకురా, ఒక్కసారైనా చూడాలి కదా అన్నారు. చేల పనులున్నాయి, రాదని నేను నోటికొచ్చింది చెప్పాను. ఆయన నన్ను నమ్మక మా చిన్నాన్నకి ఫోన్ చేసి రమ్మన్నారు.

అమ్మ ఒక్కతే బస్సులు మారి వచ్చింది. మెడ వెనక ముడేసిన చీర, ముక్కుకి పోగులు, చేతిలో గుడ్డ మూట. మూటలో ఉడకబెట్టిన కర్రపెండలం, చోడిపిండి, అంటే రాగిపిండి. హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా ఒక ముక్క పెట్టింది. నన్ను చూడగానే జుట్టు పట్టుకుని, "ఏటే గుంటా, ఇలగైపోనాది? పీచునాగున్నాది," అంది. కొలను నీళ్లలో కలిపే మందుకి నా జుట్టు అలా అయిపోయింది. పక్కన పిల్లలు నిలబడి ఉన్నారు. ముందు లోపలికి రా అన్నాను.

ఆ సాయంత్రమే చెప్పాను. "అక్కడ పిలవకూడదమ్మా. అందరూ ఊరికే కూర్చుని చూస్తారు."

"పిలవకపోతే ఎలగెల్తావే?"

"అక్కడ మంచుండదు. అడుగున గీత ఉంటుంది, దాన్ని చూసుకుంటూ వెళ్తాం."

"గీతున్నాదా? అలగయితే అలగేలే," అంది.

నాకు నమ్మకం కుదరలేదు. నీళ్లలో నన్ను చూశాక అమ్మ ఊరుకోగలదా? అందుకని నా గదిలో అమ్మాయిని అమ్మ పక్కన కూర్చోమన్నాను. అమ్మ అరిస్తే మెల్లిగా ఆపు, నాకు సిగ్గేస్తుంది అన్నాను. ఆ పిల్ల అలాగేనంది.

పోటీ మొదలైంది. మొదటి పొడుగుల్లో నా పక్క వరసలో ఒక పొడుగాటి అమ్మాయి నాతో సమంగా వచ్చింది. అప్పుడు మొదలైంది అమ్మ పిలుపు. నేను ఊపిరి కోసం తల తిప్పినప్పుడల్లా ఒక ముక్క వినిపించేది, తల నీళ్లలోకి వెళ్లగానే తెగిపోయేది. మొదట నా తలలోదే అనుకున్నాను. తర్వాత నవ్వులు వినిపించాయి. గ్యాలరీలో కుర్రాళ్లెవరో అమ్మ సాగదీతని అనుకరిస్తున్నారు. ఈల కూడా వేశారు. ఆ నీళ్లలో నా ఒళ్లు ఉడికిపోయింది. ఆపవే అమ్మా, నీకు దణ్ణం పెడతాను, ఆపవే అని లోపల తిట్టుకుంటూనే ఉన్నాను. బార బారకీ తిట్టాను.

చేతులు మాత్రం నా మాట వినలేదు. అవి అమ్మ మాటే విన్నాయి. అంత బాగా నేను ఎప్పుడూ ఈదలేదు. పొడుగాటి అమ్మాయి వెనకబడింది, ఆ తర్వాత ఆమె కనిపించనే లేదు. గోడ దగ్గర తిరిగేటప్పుడు సార్ రెండు చేతులూ ఎత్తి ఊపడం చూశాను. ఇంకా కొద్ది పొడుగులే ఉన్నాయి.

అప్పుడు పిలుపు ఆగిపోయింది.

ఆగిపోయాను. ఆగుదామని అనుకోలేదు. తల పైకి లేచింది, కాళ్లు కిందికి దిగాయి. కొలను మధ్యలో నిలువు ఈత వేస్తూ చుట్టూ చూస్తున్నాను, ఎటు నుంచి ఏం కొట్టుకొస్తోందా అని. నీలం నీళ్లు, రంగు బిళ్లల తాళ్లు, అంతే. గ్యాలరీలో అమ్మ కనిపించింది. నా గదిలో అమ్మాయి అమ్మ చెయ్యి పట్టుకుని ఉంది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. నేను ఆగడం చూసి లేచి నిలబడింది. కొంగు నోట్లోంచి తియ్యలేదు. వెళ్లు వెళ్లమని చేత్తో ఊపుతోంది. సార్ అరుస్తున్నారు, పక్క వరసల్లో ఒక్కొక్కరూ నన్ను దాటుకుంటూ వెళ్లిపోతున్నారు. వెళ్లాలని నాకూ తెలుసు. పిలుపు మళ్లీ మొదలైతే గానీ ఒళ్లు కదలదు. ఇంతసేపూ ఆపమని ఏడ్చినదాన్ని, ఒక్కసారి పిలువు అమ్మా అని చూశాను. కొంగు అలాగే ఉంది.

ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. ఆఖరికి ఎలాగో కదిలి, అందరి తర్వాత గోడ ముట్టుకున్నాను.

సార్ తువ్వాలు కప్పి ఏమైందని అడిగారు. పిక్క పట్టేసింది సార్ అన్నాను. ఆయన పాపం వెంటనే నమ్మారు. అమ్మని పిలిచి నా కాలు పట్టమన్నారు. అమ్మ బల్ల దగ్గర కింద కూర్చుని పిక్క మీద చెయ్యి వేసింది. చిన్నప్పటినుంచి నా కాళ్లు పట్టిన చెయ్యి అది. పట్టేసిన పిక్క ఎలా ఉంటుందో, పట్టెయ్యని పిక్క ఎలా ఉంటుందో దానికి తెలియదా? ఒక్కసారి నా మొహంలోకి చూసి, తల దించుకుని, అందరూ చూస్తున్నారని కాబోలు, లేని నొప్పికి చాలాసేపు కాలు పట్టింది.

మర్నాడు పొద్దున్న బస్టాండులో అంది. "నానరవకుండా ఉండాల్సింది. సిగ్గయిపోయి ఆగిపోనావు."

కాదని అప్పుడే చెప్పాల్సింది. బస్సు వచ్చింది, జనం తోసుకుంటున్నారు. మూటలో మిగిలిన పెండలం నా చేతిలో పెట్టి ఎక్కేసింది. గదికి వెళ్లాక అక్కడ ఏమన్నావని నా గదిలో అమ్మాయిని అడిగాను. "నువ్వు చెప్పిందే చెప్పానే," అంది. "ఆంటీ, అరవకండి, తనకి సిగ్గేస్తుందట అన్నాను. పాపం వెంటనే ఆపేశారు." ఆ పిల్లని ఏమనగలను? మాట నాదే.

ఆ తర్వాత నా ఈత పెద్దగా సాగలేదు. ఆ ఏడాదే ఇంకో రెండు పోటీల్లో దిగాను. నీళ్లలో తల పెట్టగానే లోపల పిలుపు వచ్చేది కాదు, కొంగు కుక్కుకున్న నోరే కనిపించేది. సార్ ఎంతో ఓపిక పట్టి, చివరికి ఆయనే విసిగిపోయారు. నేను వ్యాయామం కోర్సు చదివి ఇప్పుడు అరకు దగ్గర ఆడపిల్లల గురుకులంలో పి.ఇ.టి.గా ఉన్నాను. అక్కడ కొలను లేదు. ఖోఖో, కబడ్డీ ఆడిస్తాను. కాఫీ తోటలు చూడ్డానికొచ్చిన వాళ్లెవరో ఒకసారి నన్ను పాత ఫోటోని బట్టి గుర్తుపట్టి, మొసళ్ల అమ్మాయివి నువ్వే కదా అని సెల్ఫీ దిగారు. నవ్వాను, దిగాను.

పోటీలో ఓడిపోయినందుకు నాకేమీ సిగ్గు లేదు. పోటీ జరిగిన ఆ సంవత్సరమే సెలవులకి ఊరెళ్లాను. పక్కింటాయన పడవ కోసం నీళ్లలోకి దిగబోతూ, "వొదినా, ఒకపాలి పిలు," అని కేకేశాడు. అమ్మ చేట కింద పెట్టకుండానే, "నానొల్ల," అంది. ఆయన మంచు చూసి వెనక్కి వచ్చేశాడు. ఆ రోజు మా ఊళ్లో సగంమంది సంతకి ఆలస్యంగా వెళ్లారు. ఇప్పుడు ఆ పని మా పిన్ని చేస్తోంది. తనకి గొంతు లేదు, అందుకని నా బడి విజిల్ ఒకటి ఇచ్చాను. నేనే ఇచ్చాను, చూడండి.

నిజం చెప్పకుండా లేను. ఒకసారి చోళ్లు చెరుగుతుంటే పక్కన కూర్చుని చెప్పేశాను. "నువ్వు పిలిచినందుకు ఆగలేదమ్మా. ఆపేశావని ఆగాను."

అమ్మ చెరగడం ఆపి నవ్వింది. "ఊరుకోయే. నాలుగు గోడల మద్దినున్న నీల్లలోకి దుంగెక్కన్నుంచొత్తాది? నీకు తెల్దేటి?" అంది. నేను ఓదార్చడానికి చెబుతున్నాననుకుంది. ఇంకోసారి చెబితే వినకుండా లేచి వెళ్లిపోయింది. చదువుకున్న పిల్ల అంత తెలివితక్కువ పని చేస్తుందని అమ్మ ఎలా నమ్ముతుంది?

మొన్న వేసవి సెలవుల్లో ఒక పొద్దున్న అమ్మకి అవతల జీడితోటకి వెళ్లే పనిపడింది. పడవ మామూలుగానే అవతలుంది. మా ఇంటి దగ్గర ఇంకా ఎవరూ లేవలేదు. నేను తెస్తానన్నాను. పిన్నిని లేపుతానని అమ్మ బయల్దేరితే చెయ్యి పట్టుకుని ఆపాను.

"విజిలొద్దు. నువ్వు పిలు," అన్నాను.

అమ్మ నన్ను చూసింది. తర్వాత ఇటు చూసింది, అటు చూసింది. మా ఇల్లు, పిన్నివాళ్ల ఇల్లు, మూసిన తలుపులు, రాతి దాకా మంచు. మెడ సాచి దారి వైపు కూడా చూసింది.

"ఎవుల్లేరులే," అంది నా చెవి దగ్గర. "పిలవనేటి?"

నాకు చచ్చిపోవాలనిపించింది. పిలువమ్మా అని నీళ్లలోకి దిగిపోయాను, మొహం కనపడకుండా.

అమ్మ పిలిచింది. పిలిచిందంటే, గ్యాలరీలో పక్కవాళ్లకి వినిపించకుండా అన్నట్టు పిలిచింది. ఆవులు తలెత్తిన గొంతు కాదు అది. అయినా దాన్ని వీపు వెనక పెట్టుకుని ఈదాను. నాలుగు బారలు వినిపించింది, ఇంకో నాలుగు వినిపించింది. తర్వాత వినిపించలేదు. ఈ నీళ్లు నాకు కళ్లు మూసుకున్నా తెలుసు, తిన్నగా వెళితే పడవ దొరుకుతుంది. వెళ్లలేదు. ఆగి తల పైకెత్తాను. చుట్టూ మంచు తప్ప ఏమీ లేదు.

"గట్టిగా పిలువమ్మా," అని అరిచాను. "వినపళ్లేదు. గట్టిగా."

"ఓ..." అని వచ్చింది, పాత గొంతులో సగం. అంతలో ఒడ్డున పిన్నివాళ్ల తలుపు తీసిన చప్పుడైంది. ఎవరో దగ్గారు. అమ్మ టక్కున ఆపేసింది.

మళ్లీ మొదలవుతుందేమోనని చాలాసేపు అక్కడే నిలువు ఈత వేస్తూ ఉండిపోయాను.